మా రోజుల్లో ఇల్లు కాళ్లతో కొన్నాం

ఇప్పటి పిల్లలు ఇళ్లు కొనడం మానేసి నిమిషాలు కొంటున్నారు. సూరత్‌లో ఏ బిల్డరు పంచే రంగుల కాగితమైనా తీసి చూడండి. స్కూలు ఐదు నిమిషాలు, ఆసుపత్రి ఏడు నిమిషాలు, స్టేషను పన్నెండు నిమిషాలు. ఎవరి నిమిషాలవి? నడిచేవాడివా, సైకిలు తొక్కేవాడివా, అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద కారు తోలేవాడివా? ఆ ముచ్చట మాత్రం కాగితం మీద ఉండదు. మా రోజుల్లో ఎంత దూరమని అడిగితే "అదిగో, ఆ వేపచెట్టు దాటంగనే" అనేవాళ్లు. చెట్టు కళ్లకు కనపడేది. దాటేవాళ్లం. వచ్చేసేది.

మావాడు ఇల్లు కొంటానని బయల్దేరినప్పటి నుంచీ మా ఇంట్లో ఎక్కడ చెయ్యి పెట్టినా ఈ కాగితాలే. ఒకరోజు వేసూ అంటాడు, ఒకరోజు పాల్ అంటాడు, ఇంకోరోజు డిండోలి అవతల ఎక్కడో కొత్త రోడ్డు పక్కన అంటాడు. పేర్లన్నీ రెసిడెన్సీలు, హైట్సులు, ఎన్‌క్లేవులు. మా కాలంలో సొసైటీకి దేవుడి పేరో, అమ్మవారి పేరో, ఒక దేశనాయకుడి పేరో పెట్టేవాళ్లు. రిక్షావాడికి చెప్పడానికి నోరు తిరిగేది.

నేను వాణ్ని ఒక్కటే అడిగాను. "కొత్తిమీర కట్ట కావాలంటే ఎంత దూరం పోవాలెరా?"

"పోవుడెందుకు బాపూ, ఫోన్ల కొడితే పది నిమిషాలల్ల ఇంటికే వస్తది."

వస్తుంది, కాదనను. కానీ కొత్తిమీరకని వీధి చివరికి పోయినవాడికి ఎదురింటాయన బాత్రూములో జారి పడ్డ సంగతి కూడా తెలిసేది. ఇప్పుడు కట్ట ఇచ్చిపోయే పిల్లాడికి ఎదురింట్లో ఎవరున్నారో తెలియదు, మనకూ తెలియదు. అందుకే ఈ సణుగుడు.

మాది సిరిసిల్ల. మగ్గం అన్నం పెట్టడం మానేశాక పద్మశాలీ ఇళ్లలోంచి పడుచువాళ్లంతా షోలాపూర్‌కో భీవండికో సూరత్‌కో దారి పట్టిన రోజుల్లో నేనూ పట్టాను. వరంగల్‌లోనో మంచిర్యాలలోనో రైలెక్కడం, భుసావల్ మీదుగా తాపీ లైనులో పడి నందుర్బార్ దాటడం, ఉధనాలో దిగడం. ఎవరి నెత్తిన చూసినా ట్రంకుపెట్టె, చేతిలో మక్కజొన్న గటక మూట. దిగినవాళ్లను ఊరివాళ్లే వచ్చి ఖాతాకు తోలుకుపోయేవాళ్లు. ఖాతా అంటే సాంచాల, అదే మరమగ్గాల, షెడ్డు. పన్నెండు గంటల షిఫ్టు. పగలు పనిచేసేవాడు లేచిన చాప చల్లారకముందే రాత్రి పనిచేసినవాడు వచ్చి దాని మీదే ఒరిగేవాడు. అలా కొన్నేళ్లు గడిపినవాడికి ఇల్లంటే ఏమిటో చెప్పడానికి బ్రోచర్ అక్కర్లేదు. సొంతంగా ఒక చాప, అది పరుచుకోవడానికి ఒక గోడవార. అంతే.

అప్పటి సూరత్‌లో సొసైటీలకు రెండు దిక్కులుండేవి. పాత కోటగోడ పోయినచోట రింగురోడ్డు, దాని మీద గుడ్డల మార్కెట్లు. అక్కడి నుంచి నైరుతిగా పోతే అఠ్వాలైన్స్, డాక్టర్లూ వకీళ్లూ సేఠ్‌లూ ఉండే బంగ్లా సొసైటీలు. ఆగ్నేయంగా పోతే రైలుపట్టాల అవతల ఉధనా, లింబాయత్, మాలాంటి వాళ్ల వరుస ఇళ్ల సొసైటీలు. ఇళ్లలో ఏనుగుకూ ఎలుకకూ ఉన్నంత తేడా ఉన్నా పద్ధతి ఒక్కటే. పదిమంది కలిసి పొలం కొనడం, 1961 నాటి గుజరాత్ సహకార చట్టం కింద గృహ సంఘం రిజిస్టరు చేయడం, నేలంతా సంఘం పేరున పెట్టి ఒక్కో సభ్యుడికి షేర్ సర్టిఫికెట్ ఇవ్వడం. మావైపు కాగితాలు కొన్ని గట్టివి, కొన్ని మెత్తవి. ఆ తకరారు ఇప్పటికీ బ్యాంకు మెట్ల దగ్గర బయటపడుతూనే ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇల్లు పన్నెండడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు. రెండు పక్కలా పక్కింటి గోడలే మన గోడలు. పక్కింట్లో పోపు పెడితే మనింట్లో తుమ్ములు. వీధివైపు రెండు మెట్లెత్తున అరుగు, ఇక్కడ దాన్ని ఓట్లా అంటారు. అంత చిన్న ఇంటికి అది ఒక గదితో సమానం.

ఆ ఇల్లు మేం ఎలా కొన్నామంటే కాళ్లతో కొన్నాం. నాకు సైకిలుండేది, మా ఇంటామెకు లేదు. అందుకని ఇల్లు చూడ్డం ఆమె పని. పిల్లాణ్ని చంకనేసుకుని ఆ ఇంటి గుమ్మంలోంచి బయల్దేరి రేషను షాపుకు నడిచింది, మందులిచ్చే డాక్టరు దగ్గరికి నడిచింది, కార్పొరేషన్ వాళ్ల తెలుగు బడికి నడిచింది, మార్కండేయ గుడికి నడిచింది. చంక మార్చుకోకుండా పోగలిగినవన్నీ దగ్గరి కింద లెక్క, మార్చుకోవలసి వచ్చినవి దూరం కింద లెక్క. నేను షిఫ్టు వదిలే వేళకు ఖాతా నుంచి నడిచి చూశాను. ఒక వానరోజు గర్నాలా దగ్గర నిలబడి చూశాను. లింబాయత్ వాళ్లకు గర్నాలా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు చెప్తున్నా, రైలుపట్టాల కింద దూరిపోయే దారి అది. వాన పడితే మొదట మునిగేదీ, చివర తేలేదీ అదే. నీళ్లు ఏ ఇటుక దాకా వచ్చాయో గోడ మీది మరకే చెప్పేది. బిల్డరు చెప్పడు, బ్రోకరు చెప్పడు. మరకకు కమీషను లేదు గదా, అది నిజం చెప్తుంది.

ఆ వీధిలో ఒక పగటిపూట ఎలా ఉండేదో చెప్తాను. పదింటికి మగాళ్లు ఉంటే ఖాతాలో, లేదంటే నిద్రలో. ఓట్లాల మీద ఆడవాళ్లు. మార్కెట్ నుంచి లగేజీ సైకిలు మీద చీరల మూట వస్తుంది. మోకాళ్ల మీద చీర తిరగేసి పరుచుకుని, వెనకవైపు వేలాడే దారాలను చిన్న కత్తెరతో కత్తిరించాలి. ధాగా కటింగ్ అంటారు. ఎడమచేత్తో బట్ట లాగి పట్టుకోవాలి, కత్తెర మొన బట్టకు తగలకూడదు, తగిలిందా ఆ చీర డబ్బులు మన నెత్తిన పడతాయి. లెక్క చీరకింత. చేతులు చీర మీద, కళ్లు పొయ్యి మీద, చెవులు వీధిలో ఆడే పిల్లల మీద. పక్క ఓట్లా మీద ఖాందేశ్ మరాఠీ ఆమె, ఎదురుగా గంజాం నుంచి వచ్చిన ఒడియా ఆమె. ముగ్గురికీ మూడు భాషలు, తిట్టుకోవడానికి మాత్రం గుజరాతీ. మధ్యాహ్నం తెలుగు బడి నుంచి పిల్లలు అన్నానికి నడిచొచ్చి మళ్లీ నడిచి పోయేవాళ్లు. బడికి వ్యాను కట్టాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. బతుకమ్మ రోజుల్లో వీధి మధ్యన పేర్చి ఆడితే సైకిళ్లవాళ్లు దిగి నడిపించుకుపోయేవాళ్లు, అడిగే అవసరం లేకుండా.

ఇంతవరకు చెప్పగానే మా కోడలు అందుకుంది. "మామా, అన్నీ చెప్తరు గని నల్లా ముచ్చట చెప్పరు. అత్తమ్మను చెప్పమనుండ్రి."

అత్తమ్మ చెప్పింది. ఆమెకు నా పక్షాన నిలబడే అలవాటు ఎప్పుడూ లేదు. నీళ్లొచ్చేది కాసేపే, బిందెల వరస దగ్గర జుట్లు పట్టుకునేదాకా వచ్చేది. మురుగు ఓట్లా అంచునే పారేది. చెత్త ఎక్కడిదక్కడే. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చినప్పుడు స్టేషన్లో కాలు పెట్టే చోటు లేకుండా జనం పారిపోయారు. ఊరు ఊరంతా ఖాళీ అయిందన్నంత పని. మేమూ ముక్కుకు గుడ్డ కట్టుకుని సిరిసిల్ల పోయాం. అక్కడ మమ్మల్ని ఇంట్లోకి రానివ్వడానికి సొంతవాళ్లే జంకారు. ఆ తర్వాత 1995లో ఎస్.ఆర్. రావు కమిషనర్‌గా వచ్చాడు. మన తెలుగాయనే. అధికారులను ఏసీ గదుల్లోంచి లేపి పొద్దున్నే వీధుల్లో తిప్పాడు, రాత్రిపూట రోడ్లు ఊడ్పించాడు, అడ్డమొచ్చిన పెద్దవాళ్ల కట్టడాలూ కూల్పించాడు. దేశానికే ముక్కు మూయించిన ఊరు రెండేళ్లు తిరక్కుండా దేశంలోని శుభ్రమైన ఊళ్ల వరసలో చేరింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లోనైతే ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం. కాబట్టి కోడలి మాట కొట్టిపారేసేది కాదు. ఇప్పటి నల్లా, ఇప్పటి మురుగు కాలువ, ఇప్పటి ఊడ్పు కావాలి. ఎవరొద్దన్నారు? నేననేది ఆ నల్లా కోసం వీధిని ఎందుకు వదిలెయ్యాలని. నల్లాలు ఇప్పుడు మా వీధికీ వచ్చాయి గదా!

తర్వాత వరద సంగతి వచ్చింది. 2006 ఆగస్టులో తాపీ నది మీది ఉకాయి ఆనకట్ట నుంచి వదిలిన నీళ్లు అడాజణ్, రాందేర్, అఠ్వా వైపు నిలువెత్తున పారాయి. లక్షలు పోసి కట్టిన బంగ్లాలవాళ్లు డాబాల మీద పాలప్యాకెట్ల కోసం ఆకాశం వంక చూశారు. మావైపు ముప్పు తాపీ కన్నా మీఠీ ఖాడీ అనే వాగుది. ఆనకట్ట నిండకపోయినా ఇది పొంగుతుంది, మొన్నమొన్నటి వానలకూ పొంగింది. కాబట్టి ఇల్లు కొనేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట, ఎండాకాలంలో ఇల్లు చూడకండి. వానాకాలంలో, అదీ వాన వెలిసిన మర్నాడు చూడండి. పాత వీధిలో ఒక సుఖముంది, నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అరవై ఏళ్ల ముసలమ్మ చెయ్యి పెట్టి చూపిస్తుంది. కొత్త లేఅవుటులో అడగడానికి ముసలమ్మ కూడా ఉండదు.

సరే, మావాడు మమ్మల్నందరినీ కార్లో ఎక్కించి ఒక కొత్త స్కీముకు తీసుకుపోయాడు. శాంపిల్ ఫ్లాట్ చూపించారు. నాకు మొదట అర్థం కాలేదు గది ఎందుకంత విశాలంగా ఉందో. తర్వాత చూస్తే లోపల ఏ గదికీ తలుపు లేదు. తలుపు తెరుచుకునే జాగా కలిసొచ్చిందన్నమాట. మంచం ముచ్చటగా ఉంది. కూర్చుని కాళ్లు చాపబోయాను, మడమలు బయటికొచ్చాయి. పదేళ్ల పిల్లాడికి చేయించిన మంచం. అద్దం ఒక గోడంతా. ఫ్రిజ్ ఉండాల్సిన చోట ఫ్రిజ్ బొమ్మ అతికించిన అట్ట. "కార్పెట్ ఎంత?" అని, అంటే లోపల వాడుకునే జాగా ఎంతని, మావాడు అడిగితే ఆ సేల్స్ కుర్రాడు సూపర్ బిల్టప్ చెప్పాడు. 2016లో రెరా చట్టం వచ్చి కార్పెట్ లెక్కనే అమ్మాలంది, కాగితంలో రాస్తారు కూడా, నోటి లెక్క మాత్రం ఇంకా పాతదే. మెట్లకు, లిఫ్టుకు, కింద కుర్చీలేసిన హాలుకు మనమే డబ్బు కట్టాలి. మా రోజుల్లో గుమ్మం ముందు వీధిని వాడుకున్నందుకు చదరపు అడుగు లెక్కన డబ్బులడిగిన మొనగాడు లేడు. పైగా కడుతున్న ఇంటికి ఐదు శాతం జీఎస్టీ. బీయూ పర్మిషన్, అంటే ఇల్లు వాడుకోవచ్చని కార్పొరేషన్ ఇచ్చే కాగితం, వచ్చాక కొంటే ఆ బాధ లేదు. ఆ మాట మాత్రం కుర్రాడు తనంతట తను చెప్పలేదు.

కోడలు అప్పటిదాకా వంటగది చూసి మురిసిపోతోంది. దిగేటప్పుడు ఒక్క మాట అడిగింది. ఇంట్లో కుట్టు మిషను పెట్టుకుని చీరలకు లేసు కుడుతుంది ఆమె, ఇంకో ఇద్దరు ఆడవాళ్లకు పని ఇస్తుంది. "చీరల మూటలు టెంపోలో వస్తాయి భయ్యా, లిఫ్టులో పైకి తీసుకుపోనిస్తారు గదా?"

కుర్రాడు నవ్వాడు. "మేడమ్, ఇది ప్యూర్ రెసిడెన్షియల్. టెంపో గేటు లోపలికి రాదు."

ఆ నవ్వుతో వంటగది మోజు దిగిపోయింది. ఆమె మొహం చూసి నేనేమీ అనలేదు. అనాల్సిన అవసరం ఆ కుర్రాడే లేకుండా చేశాడు.

బయటికొచ్చి రోడ్డు చూశాను. బ్రహ్మాండమైన రోడ్డు. టీపీ, అంటే టౌన్ ప్లానింగ్, స్కీము రోడ్డు. గుజరాత్‌లో ఊరు పెరిగే పద్ధతే అది. రైతుల పొలాలన్నీ కలిపి, రోడ్లకూ తోటలకూ బడులకూ కొంత తీసి, మిగిలింది మళ్లీ గీతలు గీసి ఎవరి వాటా వాళ్లకిస్తారు. మన అమరావతిలో 2015లో ల్యాండ్ పూలింగ్ అంటే అంతా కొత్తగా విన్నారు గానీ, ఈ గీతలకు 1915 నాటి బొంబాయి చట్టమే మూలం. పద్ధతి మంచిదే. రోడ్డుకు జాగా దొరుకుతుంది, తోట దొరుకుతుంది. కానీ రోడ్డు ఎంత వెడల్పయితే ఎదుటి దుకాణం అంత దూరం. నడిమధ్య డివైడరు, దాని మీద ఇనుప కంచె. పాలప్యాకెట్ ఎదురుగానే కనపడుతుంటుంది, తెచ్చుకోవాలంటే సర్కిల్ దాకా పోయి తిరిగి రావాలి. మా ఇంటామె ఆ అంచున నిలబడి అటూ ఇటూ చూసి, వెనక్కి వచ్చి కారులో కూర్చుంది. ఆమె తీర్పు అయిపోయింది.

దారిలో మావాడు నన్ను ఊరడించాలనుకున్నాడో ఏమో, పారిస్ సంగతి ఎత్తుకున్నాడు. అక్కడి అప్పటి మేయరమ్మ 2020లో పదిహేను నిమిషాల నగరం అని మొదలుపెట్టిందట. బడి, పని, దుకాణం, డాక్టరు, అన్నీ నడిచో సైకిలు మీదో పదిహేను నిమిషాల్లో అందాలట. ప్రపంచమంతా మెచ్చుకుంటోందట. చూడండి, ఎంత అన్యాయమో! మా ఓట్లా మీద కూర్చుని నేను చెబితే ముసలి చాదస్తం, పారిస్ నుంచి వస్తే పట్టణ ప్రణాళిక. వీడి మేనత్త కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఇల్లు మా వీధి సగమంత ఉంటుందట. వాళ్లమ్మ ఆర్నెల్లు ఉండొచ్చి, "ఇల్లు మంచిగనే ఉన్నది తమ్మీ, గడప దాటుడే లేదు" అంది. ఆమెకు కారు రాదు. ఇల్లు కొన్నవాడికి వస్తుంది.

నా వాదనంతా ఇదే. ఇల్లు కొనేది బండి ఉన్నవాడు. రోజంతా అందులో ఉండేది బండి లేనివాళ్లు, అంటే పిల్లలు, ముసలాళ్లు, ఇంటి దగ్గర పని చేసుకునే ఆడవాళ్లు. పొద్దున హెల్మెట్ పెట్టుకుని పోయి రాత్రి వచ్చేవాడికి ఇల్లు ఎక్కడుంటే ఏం? ఆఖరికి సంతకం మాత్రం వాడిదే.

అయితే పాత సొసైటీలో కొందామంటే అదీ సులువు కాదు. మేం వేలల్లో కొన్న ఆ పన్నెండడుగుల ఇళ్లే ఇప్పుడు లక్షలు దాటి పోతున్నాయి. కింద ఎంబ్రాయిడరీ మిషన్లు, పైన మూడంతస్తులు అద్దెలకు. గోడ అదిరిందంటే భూకంపం అనుకోవద్దు, మిషను ఆన్ చేశారు. ఓట్లాలు కలిపేసుకుని షట్టర్లు దించారు, మోటారు సైకిళ్లు నడవాల్సిన చోట నిలబడ్డాయి. ఇదంతా చేసింది బయటివాళ్లు కాదు, మావాళ్లే. బ్యాంకువాడు షేర్ సర్టిఫికెట్ చూసి పెదవి విరుస్తాడు. వ్యవసాయేతర భూమిగా మార్చిన ఉత్తర్వు ఉందా, టీపీలో ఫైనల్ ప్లాటు నంబరు ఉందా, రోడ్డు వెడల్పు చేసే లైన్‌దోరీ ఇంటి మీద పడుతుందా, వేసిన అంతస్తులకు అనుమతి ఉందా, ఒక్కో ప్రశ్నకు ఒక్కో ఆఫీసు. పాతది కొనేవాడు గోడల సున్నం కన్నా ముందు ఈ నాలుగూ గీకి చూడాలి. 2023 ఏప్రిల్‌లో జంత్రీ, అదే మన దగ్గర మార్కెట్ విలువ అంటారే, ఒక్క దెబ్బకు దాదాపు రెట్టింపు చేశారు. స్టాంపు డ్యూటీ 4.9 శాతం, రిజిస్ట్రేషన్ ఒక శాతం, ఆ పెరిగిన విలువ మీద.

అయినా చివరికి కోడలు చూసింది. వానాకాలంలో, కాలినడకన. మాకు రెండు వీధుల అవతల, కాగితాలు గట్టిగా ఉన్న సొసైటీలో, టెంపో గుమ్మం దాకా వచ్చే ఇల్లు. పిల్లాడి బడి నడక దూరం. ఇంగ్లీషు మీడియమేలెండి, ఆ సణుగుడు ఇంకోరోజుకు పెట్టుకున్నాను. బేరం కుదిరాక మావాడు లెక్కలు వేసుకుని, ఇల్లు ఆడవాళ్ల పేరున మాత్రమే కొంటే ఆ ఒక శాతం రిజిస్ట్రేషన్ ఫీజు గుజరాత్ సర్కారు వసూలు చేయదని కనిపెట్టాడు. ఇంకేం, దస్తావేజు కోడలి పేరున. నడిచేవాళ్ల మాట నెగ్గాలని ఇన్నాళ్లుగా నేను మొత్తుకుంటే ఎక్కని బుర్రకు, ఒక శాతం రాయితీ ఇట్టే ఎక్కింది. పోనీ, ఎలా ఎక్కితేనేం.

ఇప్పుడు ఆమె ఇంటి యజమానురాలు. ఓట్లా తీసేసి షట్టరు పెడదామని మావాడు నోరు తెరిచాడు. "నా ఇల్లు, నా ఓట్లా" అని ఒక్క మాటలో మూయించింది. నన్ను కూడా వదల్లేదు. "మామా, మీరు పొద్దంత కూసొని సణుగొచ్చు గని, లేసు పని దగ్గర కాదు, గా మూలకు." మా రోజుల్లో కోడళ్లు మామతో ఇలా మాట్లాడేవాళ్లా!